తక్కువ తిరిగిన, అన్ని హంగులూ ఉన్న ఫ్యామిలీ సెడాన్‌ను అమ్మేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

హోండా సిటీ, మారుతి సియాజ్, హ్యుందాయ్ వెర్నా వంటి సెడాన్‌ను టాప్ మోడల్‌లో ముచ్చటపడి కొనుక్కుని, ఆఫీసుకు మెట్రోలోనో కంపెనీ బస్సులోనో వెళ్తూ, కారును పెళ్లిళ్లకూ పండక్కి ఊరికి వెళ్లిరావడానికీ మాత్రమే బయటికి తీసే కుటుంబాలు హైదరాబాదులో చాలా ఉన్నాయి. అలాంటి కారును అమ్మకానికి పెట్టినప్పుడు యజమానికి వచ్చే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఆర్టీఏ (రవాణా శాఖ కార్యాలయం) విషయాలను తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లను దృష్టిలో పెట్టుకుని రాశాము.

ఎన్ని కిలోమీటర్లు తిరిగితే "తక్కువ తిరిగిన కారు" అనుకోవచ్చు?

సొంత వాడకంలో ఉన్న పెట్రోలు కారు ఏడాదికి పది, పన్నెండు వేల కిలోమీటర్లు తిరుగుతుందని సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారంలో ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. 2020లో కొన్న కారు అయిదేళ్లకు 50 వేల నుంచి 60 వేల దాకా తిరిగి ఉంటుందని కొనేవారు ముందే ఊహించుకుని వస్తారు. మీటరు 28 వేలు చూపిస్తే అది నిజంగానే తక్కువ. అయితే ఆ అంకె వినగానే కొనేవారికి సంతోషం కంటే ముందు అనుమానం కలుగుతుంది. మీటరు వెనక్కి తిప్పడం మన దగ్గర ఎవరికీ తెలియని విద్య కాదు. అందువల్ల తక్కువ తిరిగిన కారును అమ్మేవారు ఎక్కువ తిరిగిన కారును అమ్మేవారి కంటే ఎక్కువ రుజువులు చూపవలసి వస్తుంది.

మీటరు రీడింగు నిజమైనదేనని ఎలా నమ్మించాలి?

మాటలతో నమ్మించలేము, కాగితాలతోనే సాధ్యమవుతుంది. కంపెనీ అధీకృత వర్క్‌షాపుకు కారు వెళ్లిన ప్రతిసారీ అప్పటి రీడింగును జాబ్ కార్డులో రాస్తారు, అది కంపెనీ కంప్యూటరులోనూ నమోదవుతుంది. మొదటి ఉచిత సర్వీసు నుంచి నిన్నటి సర్వీసు వరకు ఆ వరుసను ముద్రించి ఇవ్వమని వర్క్‌షాపులో అడగండి. తేదీలతో పాటు కిలోమీటర్లు కూడా క్రమంగా పెరుగుతూ కనిపించే ఆ ఒక్క కాగితం, ప్రకటనలో మీరు రాసే పది వాక్యాల కంటే బలమైనది. మధ్యలో రెండేళ్లు వీధి చివర మెకానిక్ దగ్గర ఆయిల్ మార్పించి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పి, ఉన్న బిల్లులు చూపండి.

అనుభవం ఉన్న కొనుగోలుదారు కాగితాలు చూసి ఊరుకోడు. బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగు మీది తోలు, డ్రైవరు సీటు అంచు ఎంత అరిగాయో చూస్తాడు. ఆ తరువాత టైర్ల దగ్గర వంగి, పక్క గోడ మీద ఉండే నాలుగు అంకెలు చదువుతాడు. 2220 అని ఉంటే ఆ టైరు 2020వ సంవత్సరం 22వ వారంలో తయారైందని అర్థం. ఇక్కడే చాలామంది నిజాయితీపరులు ఇరుక్కుంటారు. 2020 కారుకు 2024 టైర్లు కనిపిస్తే "28 వేలకే టైర్లు అరిగిపోయాయా" అనే ప్రశ్న వస్తుంది. ఎండలో నిలిచి ఉండే కారుకు టైర్లు అరగకపోయినా రబ్బరు గట్టిపడి పగుళ్లు వస్తాయి, అందుకే మార్చి ఉంటారు. కానీ ఆ మాట టైర్ల షాపు బిల్లు లేకుండా చెబితే సాకులాగే వినిపిస్తుంది కాబట్టి బిల్లును ఫైలులో ఉంచండి.

తక్కువ తిరగడం వల్ల కారుకు నష్టమేమైనా ఉంటుందా?

ఉంటుంది, ఈ సంగతి అమ్మేవారే ముందు ఒప్పుకోవాలి. వారాల తరబడి కదలని కారులో బ్యాటరీ దిగిపోతుంది, బ్రేకు డిస్కుల మీద తుప్పు పొర కడుతుంది, ఒకేచోట బరువు మోసిన టైరు ఆ భాగంలో చదునవుతుంది. కూరగాయల మార్కెట్ దాకా వెళ్లి వచ్చే రెండు కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజను పూర్తిగా వేడెక్కదు కనుక ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాకుండా మిగిలిపోతుంది. పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చాలని కంపెనీలు చెప్పడానికి కారణమదే. "నాలుగు వేలే తిరిగింది కదా" అని రెండేళ్లు సర్వీసు మానేసిన కారు కంటే, సక్రమంగా సర్వీసు చేయిస్తూ రెట్టింపు తిరిగిన కారునే ఈ వ్యాసకర్త కొంటాడు.

ఇక అపార్ట్‌మెంట్ సెల్లారులో నిలిపి ఉంచిన కార్లకు ఎలుకల బెడద ఉండనే ఉంది. బానెట్ కింద వైర్లు కొరికి ఉన్నాయేమో, ఏసీ ఫిల్టరులో గూడు పెట్టాయేమో ప్రకటన ఇవ్వడానికి ముందే చూసుకోండి. కొనేవారు బానెట్ ఎత్తినప్పుడు ఎలుక పెంటికలు కనిపిస్తే బేరం అక్కడితో సగం చెడుతుంది.

టాప్ మోడల్‌కు కొన్నప్పుడు ఎక్కువ పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

పూర్తిగా రాదు. కొత్తగా కొన్నప్పుడు కింది వేరియంటుకూ పై వేరియంటుకూ ఉన్న తేడా, అయిదేళ్ల తరువాత సగానికంటే తక్కువకు పడిపోయినా ఆశ్చర్యపోనవసరం లేదు. అయితే అన్ని సౌకర్యాలకూ ఒకే గతి పట్టదు. ఆటోమేటిక్ గేరుకూ ఎక్కువ ఎయిర్‌బ్యాగులకూ గిరాకీ నిలుస్తుంది. టచ్‌స్క్రీన్ వంటివి త్వరగా పాతబడతాయి, ఎందుకంటే ఈనాటి చవక కారులోనూ అంతకంటే పెద్ద తెర ఉంటుంది. 2020 జులైలో వచ్చిన అయిదో తరం హోండా సిటీ జెడ్ఎక్స్ వేరియంటులో ఆరు ఎయిర్‌బ్యాగులు, సన్‌రూఫ్, ఎడమ ఇండికేటర్ వేయగానే ఆ పక్క దృశ్యాన్ని తెర మీద చూపే లేన్‌వాచ్ కెమెరా ఉన్నాయి. ఇటువంటి కారును "ఫుల్ ఆప్షన్" అని ఒక్క మాటలో ముగించకుండా వేరియంటు పేరు, తయారైన నెల, సంవత్సరం రాసి, ముఖ్యమైన సౌకర్యాలను విడివిడిగా పేర్కొనండి.

ఉన్న ప్రతి హంగూ పనిచేయాలన్నది మరింత ముఖ్యం. పనిచేయని సన్‌రూఫ్ ఉన్న కారు కంటే సన్‌రూఫ్ లేని కారే సులభంగా అమ్ముడవుతుంది. సన్‌రూఫ్ నీరు పోయే సన్నని గొట్టాలలో ఆకులు అడ్డుపడితే వానాకాలంలో లోపలికి నీరు కారుతుంది కాబట్టి, ఒక బకెట్ నీళ్లు పోసి చూసుకోండి. వెనుక కెమెరా, అద్దాలు ముడుచుకునే మోటార్లు, రెండో తాళం బటన్లు, వెనుక సీటు ఏసీ గాలి రంధ్రాలు అన్నీ ఒకసారి పరీక్షించండి. బయట వేయించిన లైట్లు, ఆంప్లిఫయరు, స్పీకర్ల వంటివి ధరను పెంచవు. వాటి కోసం వైర్లు కోసి అతికించి ఉంటే తగ్గించినా తగ్గించవచ్చు.

ధర ఎలా నిర్ణయించుకోవాలి?

ఆన్‌లైన్ ప్రకటనల్లో కనిపించేవి అడిగే ధరలే తప్ప అమ్ముడైన ధరలు కావు. అదే సంవత్సరం, అదే వేరియంటు, అదే గేరు రకం ఉన్న అయిదారు కార్లను మీ ఊళ్లోనే చూసి, వాటిలో ఎన్నాళ్లుగానో కదలకుండా ఉన్న ప్రకటనలను లెక్కలోంచి తీసేయండి. ఇద్దరు డీలర్లు ఇచ్చే ధరను కనీస హద్దుగా పెట్టుకోండి.

కొత్త కారు ధర తగ్గితే పాత కారు ధర కూడా తగ్గుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల మీద జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజను ఉన్న పెట్రోలు కార్లకు పన్ను 18 శాతానికి దిగింది. సిటీ, వెర్నా వంటి పొడవైన సెడాన్లకు సెస్సుతో కలిపి 45 శాతంగా ఉన్నది 40 శాతమైంది. అంతకుముందు కొన్న బిల్లును చూపి "ఇంతకు కొన్నాను" అంటే వినేవారు లేరు, ఈనాటి ఆన్‌రోడ్ ధర నుంచే లెక్క మొదలవుతుంది. జనం మోజు ఎస్‌యూవీల వైపు మళ్లడం కూడా సెడాన్ ధరను కొంత కిందికి లాగుతోంది, ఇందులో అమ్మేవారి తప్పేమీ లేదు.

ఆషాఢంలో ప్రకటన ఇచ్చి ఫోన్లు రావడం లేదని బెంగపడకండి. దసరాకు ముందు అదే కారుకు అడిగేవారు పెరుగుతారు.

గీతలు, సొట్టలు బాగుచేయించి అమ్మాలా?

లోపలా బయటా శుభ్రం చేయించడం, పాలిష్ పెట్టించడం, తేదీ దాటిన సర్వీసు చేయించడం వరకు లాభమే. బంపరు మీది చిన్న గీతల కోసం పెద్ద ఖర్చు పెట్టనక్కరలేదు. డోరుకు కొత్తగా రంగు వేయిస్తే, రంగు మందాన్ని కొలిచే పరికరం పెట్టిన మరుక్షణమే ఆ సంగతి బయటపడి, లేని ప్రమాదం జరిగినట్టు అనుమానిస్తారు. నిజంగా ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసి ఉంటే దాన్ని ముందే చెప్పి, బాగుచేసిన బిల్లు చూపండి.

టెస్ట్ డ్రైవ్‌కు ఎవరికైనా తాళాలు ఇవ్వవచ్చా?

డ్రైవింగ్ లైసెన్సు చూసి, ఫోటో తీసుకుని, పక్క సీట్లో మీరు కూర్చున్నప్పుడే ఇవ్వండి. ఆర్సీ, ఆధార్ ప్రతులను బేరం కుదరకముందు వాట్సాప్‌లో పంపవద్దు.

బ్యాంకు లోను తీరిపోయింది. ఇంకా చేయవలసినది ఉందా?

చాలామంది మరచిపోయేది ఇదే. కంతులన్నీ కట్టినంత మాత్రాన ఆర్సీ మీది హైపోథికేషన్ (కారు బ్యాంకుకు తాకట్టులో ఉందన్న నమోదు) దానంతట అది పోదు. బ్యాంకు నుంచి ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం), బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో దరఖాస్తు చేసి, బ్యాంకు పేరు తొలగించిన ఆర్సీని పొందాలి. కొనేవారు దొరికాక ఈ పని మొదలుపెడితే వారు ఆగరు. లోను ఇంకా మిగిలి ఉంటే, కొనేవారిచ్చే డబ్బులో ఆ మేరకు నేరుగా లోను ఖాతాకే కట్టించుకునేలా ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఫారం 29, ఫారం 30 మీద సంతకం పెట్టి ఇచ్చేశాను. నా బాధ్యత తీరినట్టేనా?

తీరలేదు. ఈ పేజీలో ఒకే ఒక్క సమాధానం చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

కారు, తాళాలు, డబ్బు చేతులు మారినా ఆర్టీఏ రికార్డులో మీ పేరున్నంత కాలం చట్టం దృష్టిలో యజమాని మీరే. కారు అమ్మినవారు దాన్ని పట్టించుకోకుండా వదిలేయగా అది చేతులు మారుతూ పోయి, చివరికి ప్రమాదం జరిగిన ఒక కేసులో (నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల కేసు) 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పింది. కారు ఎప్పుడో అమ్మేశానన్న వాదన చెల్లలేదు, నష్టపరిహారం భారం రిజిస్టర్లో పేరున్న వ్యక్తి మీదే పడింది.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవారు ఆర్టీఏకు ఆ సంగతి తెలపాలి. వేరే రాష్ట్రానికి వెళ్తే ఆ గడువు 45 రోజులు. కొన్నవారు 30 రోజుల్లో తమ వంతుగా దరఖాస్తు చేయాలి. ఫారం 29 అమ్మకాన్ని తెలిపే నోటీసు, ఫారం 30 పేరు మార్పిడి కోసం ఇచ్చే దరఖాస్తు. మన దగ్గర ఉన్న దురలవాటు ఏమిటంటే, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకున్న మధ్యవర్తి వాటిని సొరుగులో ఉంచుకుని, రెండో కొనుగోలుదారు దొరికేదాకా కారును మన పేరు మీదే తిప్పుతాడు. మా ఇంటి పాత సెడాన్‌ను ఒక బ్రోకరుకు అలాగే అప్పగించిన పాపానికి, ఏడు నెలల పాటు మేమెన్నడూ చూడని వీధుల్లో సిగ్నల్ దాటిన చలానాలు మా ఫోనుకు వచ్చాయి. చలానాలతో పోయింది కనుక సరిపోయింది.

కాబట్టి ఫారాలలో కొనేవారి పేరు, చిరునామా, తేదీ నింపిన తరువాతే సంతకం పెట్టండి. తేదీతో పాటు గంట, నిమిషం, మీటరు రీడింగు రాసిన డెలివరీ కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేయండి, దాని ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. వీలైతే కొంత మొత్తాన్ని పేరు మారేదాకా ఆపి ఉంచే ఒప్పందం చేసుకోండి. పేరు మారిందో లేదో పరివాహన్ పోర్టల్లోనో ఆ రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైటులోనో నంబరు కొట్టి స్వయంగా చూసుకోండి.

డీలరుకు అమ్మితే ఈ బెడద ఉండదా?

తగ్గుతుంది, కానీ ఆ డీలరు ఆర్టీఏ నుంచి అధికార పత్రం పొందినవారై ఉండాలి. 2022 డిసెంబరులో నోటిఫై చేసి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనల ప్రకారం, యజమాని కారును అలాంటి డీలరుకు అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆ సంగతి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అప్పటి నుంచి ఆ కారుకు డీలరునే యజమానిగా భావిస్తారు. "29సీ ఇస్తారా?" అని మొదటి ఫోనులోనే అడగండి. ఆ మాట అర్థం కాని డీలరుకు ధర ఎంత బాగున్నా ఇవ్వవద్దని మా సలహా.

తెలంగాణ కారును ఆంధ్రప్రదేశ్‌కు, లేదా అక్కడి కారును ఇక్కడికి అమ్మవచ్చా?

అమ్మవచ్చు. ముందు కారు రిజిస్టరైన ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ తీసుకోవాలి. పెండింగ్ చలానాలు, పన్ను బకాయిలు, కేసులు లేవని తేలితేనే అది వస్తుంది. కొన్నవారు తమ రాష్ట్రంలో కారు వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, ఆ మొత్తాన్ని వారు మీ ధరలోంచే తగ్గించమంటారు. అందుకే విజయవాడ నుంచి వచ్చినాయన హైదరాబాదు కారుకు తక్కువ చెబితే అది పిసినారితనమని అనుకోనవసరం లేదు. నంబరు ప్లేటు మీద టీఎస్ ఉందా, 2024 మార్చి తరువాత వచ్చిన టీజీ ఉందా అనేది అమ్మకానికి అడ్డు కాదు.

కారు నాన్నగారి పేరు మీద ఉంది. పిల్లలం అమెరికాలో ఉన్నాము. ఎలా అమ్మాలి?

నాన్నగారు ఉంటే సంతకం ఆయనదే కావాలి, కొడుకో అల్లుడో పెట్టడం కుదరదు. ఆయన కాలం చేసి ఉంటే ముందు వారసుల పేరు మీదికి మార్చుకోవాలి. మరణించిన 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో దరఖాస్తు చేయాలని నిబంధన. మరణ ధ్రువపత్రం, వారసత్వ రుజువు, మిగతా వారసుల నిరభ్యంతర పత్రాలు సిద్ధం చేసుకోండి. సెలవు మీద వచ్చిన మూడు వారాల్లో ఇవన్నీ ముగించాలనుకుంటే కష్టం, టికెట్టు కొన్నప్పుడే ఇక్కడ ఉన్నవారితో పని మొదలుపెట్టించండి.

ఇన్సూరెన్స్, నో క్లెయిమ్ బోనస్ ఎవరివి?

థర్డ్ పార్టీ రక్షణ (ఎదుటివారికి జరిగే నష్టానికి ఇచ్చే బీమా) కారుతో పాటే కొన్నవారికి బదిలీ అయినట్టు చట్టం భావిస్తుంది. సొంత నష్టానికి సంబంధించిన భాగం వారికి వర్తించాలంటే 14 రోజుల్లోగా పాలసీని తమ పేరు మీదికి మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం మీది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి సొంత నష్టం ప్రీమియంలో ఇచ్చే ఈ రాయితీ 20 శాతం నుంచి 50 శాతం వరకు ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోగా కొనే మీ కొత్త కారుకు వాడుకోవచ్చు. 50 శాతం బోనస్ ఉన్న పాలసీని తెలియక వదులుకునేవారిని చూస్తే జాలి వేస్తుంది.

డబ్బు ఎలా తీసుకోవాలి? పన్ను పడుతుందా?

ఒకే లావాదేవీలో రెండు లక్షలు లేదా అంతకు మించి నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా కట్టవలసి రావచ్చు. బ్యాంకు బదిలీయే మేలు, డబ్బు ఖాతాలో పడ్డట్టు మీ బ్యాంకు యాప్‌లో చూసుకున్నాకే తాళాలు ఇవ్వండి, ఎదుటివారు చూపే స్క్రీన్‌షాట్‌ను నమ్మకండి. సైన్యంలో ఉన్నామని చెప్పి, కారు చూడకుండానే అడ్వాన్సు పంపుతామంటూ క్యూఆర్ కోడ్ పంపేవారుంటారు. డబ్బు రావడానికి పిన్ నొక్కనక్కరలేదన్న సంగతి గుర్తుంటే చాలు.

సొంతానికి వాడుకున్న కారును అమ్మితే జీఎస్టీ లేదు. 2024 డిసెంబరులో వార్తల్లోకి వచ్చిన 18 శాతం పన్ను జీఎస్టీ నమోదున్న వ్యాపారుల లాభానికే వర్తిస్తుంది. వ్యాపార ఖర్చుగా తరుగుదల చూపని సొంత కారు విషయంలో ఆదాయపు పన్ను లెక్కలోకి లాభమూ రాదు, నష్టమూ రాదు.

కారు అప్పగించే రోజు ఏమేమి చూసుకోవాలి?

ఫాస్టాగ్‌ను మూసివేయించండి, లేకపోతే కొన్నవారు తిరుపతి వెళ్లివచ్చిన టోలు మీ ఖాతాలోంచి పోతుంది. కారు కంపెనీ మొబైల్ యాప్‌లో మీ పేరు తొలగించండి. యాప్ మీ ఫోనులో మిగిలితే వారి కారు ఎక్కడుందో మీకు కనిపిస్తూనే ఉంటుంది, అది ఇద్దరికీ ఇబ్బందే. తెరలో దాచిన ఫోను నంబర్లు, ఇంటి చిరునామా చెరిపేయండి. రెండో తాళం, జాకీ, స్టెప్నీ, యజమాని పుస్తకం, సర్వీసు ఫైలు ఇవ్వండి. డిక్కీ అడుగున అట్ట ఎత్తి చూడండి. డాష్‌బోర్డు మీది వినాయకుడిని తీసుకోవాలా, ఉంచాలా అన్నది మీ ఇష్టం. మేమైతే కొన్నవారిని అడిగాము, ఉంచమన్నారు.